అక్క పంపిన బ్యాగు

ప్రొద్దుటూరులో ఒక ముసలామె నన్ను పనిమనిషి అనుకుంది. అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది, అది వేరే సంగతి.

మాది జమ్మలమడుగు. బీఎడ్ అయిన రెండో ఏడు కువైట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో మూడో తరగతి టీచరుగా చేరాను. తోటి టీచర్లంతా మలయాళంలో మాట్లాడుకునేవాళ్లు, నేను నా టిఫిన్ బాక్సుతో మాట్లాడుకునేదాన్ని. నాకు మనుషులంటే శుక్రవారం మనుషులే. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారం చర్చి ప్రార్థన కూడా ఆ రోజే. ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో కడప జిల్లా వాళ్లం చేరేవాళ్లం. ఎక్కువమంది అరబ్బుల ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. టీచరమ్మ వచ్చిందని వాళ్లు నాకు కుర్చీ వేసేవాళ్లు, నేనూ మొహమాటం లేకుండా కూర్చునేదాన్ని.

పులివెందుల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అక్క నా పక్కనే చాప మీద చేరేది. నలభై ఏళ్లుంటాయి. ఒక పెద్ద ఇంట్లో వంట, బట్టలు, పిల్లలు అంతా ఆమె చేతి మీదే నడిచేది. ప్రార్థన అయ్యి చిత్రాన్నం పొట్లాలు విప్పగానే, ఈ వారం బడిలో ఏం జరిగిందని అడిగేది. నాకు అంతకంటే కావలసిందేముంది? ఇన్‌స్పెక్షన్ నాడు ఒక పిల్ల సంచిలో పిల్లికూనను తెస్తే దాన్ని బీరువాలో దాచానని, ఇన్‌స్పెక్టరు మాట్లాడుతుంటే అది లోపలి నుంచి జవాబు చెప్పిందని చెప్పాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుంది.

ఎండాకాలం సెలవులకు నేను ఇంటికి బయలుదేరితే అక్క ఒక బ్యాగు ఇచ్చింది. కువైట్ నుంచి ఎవరు బయలుదేరినా మిగతావాళ్ల సామాను మోయాల్సిందే, కాదంటే మళ్లీ ఆ గుంపులో మొహం చూపించలేం. పాలపొడి, సబ్బులు, ఒక దుప్పటి, కూతురికి గుడ్డలు. కూతురు ప్రొద్దుటూరులో అమ్మమ్మ దగ్గరుండి ఇంటర్ చదువుతోంది. బిడ్డ చేతికిచ్చి వెంటనే వచ్చేయమని, అక్కడ కూర్చోవద్దని రెండుసార్లు చెప్పింది. చదువుకునే పిల్లను కదిలించొద్దని కాబోలు అనుకున్నాను.

కూర్చోమంటే కూర్చోకుండా వచ్చే రకం కాదు నేను. బస్సు దిగి, బ్యాగు భుజాన వేసుకుని, చెమటలు కక్కుతూ వెళ్లాను. అక్క వాళ్లమ్మ, ఆ ముసలామె, బ్యాగు అందుకుని నన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టింది.

"మా బిడ్డ దగ్గర పని చేస్తాండేది నువ్వేనా?"

మా వైపు లెక్క అంతే, సామాను మోసుకొచ్చిన మనిషి చిన్న మనిషే. కానీ మా బిడ్డ దగ్గర పని ఏమిటి? అంతలో కూతురు వచ్చి, వాళ్లమ్మ స్కూలు గురించి నన్నే అడగడం మొదలుపెట్టింది. అమ్మకు మూడో తరగతి ఇచ్చారట. పిల్లికూనను బీరువాలో దాచిందట. ముసలామె పక్కింటామెను పిలిచి మరీ ఆ కథ మళ్లీ చెప్పించింది. నా బతుకును నా చెవులతోనే విన్నాను. వారం వారం నేను ఒలకబోసిందంతా అక్క ఫోనులో ఇంటికి చేర్చింది, తనదిగా.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అబద్ధం కంటే నన్ను పనిమనిషి అనుకున్నందుకే ఎక్కువ మండింది. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే ఆడదాని గురించి మా ఊళ్లల్లో ఎన్నెన్ని కూతలు కూస్తారో నాకు తెలుసు. నేను నిజం చెబితే ఆ పిల్ల వీధిలో తల ఎత్తుకుని కాలేజీకి పోలేదని కూడా తెలుసు. అయినా చెప్పేద్దామనే అనుకున్నాను.

పక్కింటామెతో పాటు ముసలామె బయటికి వెళ్లింది. పిల్ల నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"అక్కా, నిజం చెప్పు. మా అమ్మ నిన్ను కొడతాదా?"

ఎందుకలా అడుగుతున్నావన్నాను.

"ఫోన్లో వీడియోలు వస్తాంటాయి. ఆడ మేడమ్‌లు పనోళ్లను కొడతారంట, అన్నం గూడా పెట్టరంట. మా అమ్మకు కోపం శానా. అందుకే అడుగుతాండా."

నా ఉద్యోగం, నా పరువు గొంతులోనే ఆగిపోయాయి. కొట్టదు, బాగా చూసుకుంటుంది అన్నాను. పిల్ల మొహం తేటపడింది.

తిరుగు బస్సులో కూర్చున్నాక గానీ అసలు దెబ్బ తగల్లేదు. ముక్కూ మొహం తెలియని నన్ను ఆ పిల్ల పది నిమిషాల్లో అడిగిన మాట, ఏడాది పాటు పక్కన కూర్చున్న అక్కను నేను ఒక్కసారీ అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

కువైట్ చేరిన మొదటి శుక్రవారం అక్కను మెట్ల దగ్గరే ఆపాను. వాళ్లింట్లో కూర్చున్నానని, నన్ను పనిమనిషి అనుకుని కూతురు ఏం అడిగిందో దాచకుండా చెప్పాను.

"ఇప్పుడు నిన్ను నేను అడుగుతాండా అక్కా. మీ మేడమ్ నిన్ను కొడతాదా?"

ఆమె చున్నీ చేతుల మీదికి లాక్కుంది.

"నా బిడ్డకు నువ్వేం చెప్పినావు?"

"కొట్టదని చెప్పినా."

"అట్లయితే కొట్టదులే పాపా" అంది.