మూడు మెట్ల దేశం

నిన్నంతా దుమ్ము గాలి. ఈ పొద్దున వంటింటి వెనక తలుపు తీస్తే మెట్ల మీద వేలు మందాన మట్టి పేరుకుని ఉంది. గొట్టం పట్టుకుని నీళ్ళు వదిలాను. వేడి మట్టి మీద నీళ్ళు పడగానే లేచే వాసన మీకు తెలిసిందే, తొలకరి వాసన. ఇక్కడ అది వానకు ఎప్పుడో గానీ రాదు, గొట్టం నీళ్ళకే వస్తుంది. నీళ్ళు పై మెట్టు మీద నుంచి నడిమి మెట్టుకు, అక్కడి నుంచి కింది మెట్టుకు రెండు పాయలుగా దిగాయి. ఒకటి మట్టి కలిసి ఎర్రగా, ఒకటి నిన్నటి బొగ్గుల బూడిద కలిసి నల్లగా. నేను గొట్టం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. తెరేజక్క ఉండి ఉంటే, "చూడు చెల్లీ, మా ఏర్లు వచ్చినాయి" అనేది.

తెరేజక్కది జెంబోరా. ఆఫ్రికాలో పడమటి సముద్రం ఒడ్డున చిన్న దేశం. మీలో చాలామంది ఆ పేరు విని ఉండరు, నేనూ వినలేదు. నాది రాయచోటి పక్కన పల్లె, చదివింది ఐదో తరగతి. చదువు అబ్బలేదు గానీ చెవిన పడ్డది పోదు, అదొక్కటే దేవుడు నాకిచ్చింది. కువైట్‌లో జాబ్రియాలోని ఈ ఇంటికి నేను పనికి వచ్చేనాటికి ఆమె ఇక్కడ వంట చేయబట్టి పదకొండేళ్ళు. నాకంటే పదేళ్ళు పెద్ద. పొడుగు మనిషి, ఎడమ భుజం కొంచెం కిందికి వంగి ఉండేది. మా ఇద్దరికీ కలిసిన భాష వంటింటి అరబ్బీ ఒక్కటే. నా దగ్గర చెల్లి, తిన్నావా, అబ్బా అనే మూడు మాటలు నేర్చుకుంది. ఆమె చెప్పినవి నేనిప్పుడు నా మాటల్లో చెప్తున్నాను.

వచ్చిన మొదటి వారం నేను ఏడుస్తూనే ఉన్నాను. మామా, అంటే ఇంటి యజమానురాలు, రెండుసార్లు చూసి ఊరుకుంది. మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక తెరేజక్క నన్ను ఈ వెనక మెట్ల మీదకు పిలిచి టీ గ్లాసు చేతికిచ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. పేరు కూడా అడగలేదు.

"మీ ఊరికి నీళ్ళు ఎక్కడివి? మాట ఎవరిది? కూడు ఎక్కడిది?" అని అడిగింది.

నేను ఇండియా అన్నాను. కడప అన్నాను. అది కాదు నేనడిగింది అంది. నీళ్ళు కుళాయిలో వస్తాయన్నాను. కుళాయిలోకి ఎక్కడి నుంచి వస్తాయంది. నాకు తెలియదు. పుట్టి ముప్పై ఏళ్ళు తాగిన నీళ్ళు ఎక్కడివో తెలియదు. వాళ్ళ దేశంలో కొత్త మనిషి గడపలోకి వస్తే ఈ మూడూ అడుగుతారట. మూడూ చెప్పిన మనిషి చుట్టం. చెప్పలేని మనిషికి అన్నం పెడతారు గానీ, పాపం దారి తప్పిందేమో అనుకుంటారట. "నువ్వు దారి తప్పినావు చెల్లీ, అందుకే ఏడుపు" అంది. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చాక ఏడుపు ఆగింది.

ఆ తర్వాత రోజూ మామా నిద్రపోయే గంటా మాది. తెరేజక్క తన దేశాన్ని ఈ మెట్ల మీదే చూపించింది. కింది మెట్టు సముద్రపు ఒడ్డు. అక్కడ సబేరే రేవు, ఉప్పు మడులు, ఎండు చేపలు. నడిమి మెట్టు జీడితోటలు, తాటి చెట్లు, కిందాలా అనే సంత ఊరు. పై మెట్టు రాతి నేల. అక్కడ చెట్లు పొట్టివి, మనుషులు పొడుగు. పై మెట్టు నుంచి ఎర్ర ఏరు, నల్ల ఏరు దిగి ఒకచోట కలుస్తాయి, కానీ చాలా దూరం రంగులు కలవకుండా పక్కపక్కనే నడుస్తాయి, ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్ళ మాదిరి. ఆమె ఎప్పుడూ పై మెట్టు మీదే కూర్చునేది, అది ఆమె జిల్లా. నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టి, చీర తడుస్తుంది జాగ్రత్త, సముద్రంలో ఉన్నావు అని నవ్వేది.

ప్రభుత్వం గురించి అడిగితే రెండు ఉన్నాయంది. సబేరేలో ఒక అధ్యక్షుడు, ప్రతి అంగట్లో ఆయన ఫోటో. ఫోటోలో మనిషికి వయసు రాదు, అసలు మనిషికి వచ్చింది అనేది. పై మెట్టుకు ఆయన మాట ఎక్కదు. అక్కడ ఊరికి ఒకటే బావి, చాలా లోతు. ఆ బావి తాడు ఏ ఇంట్లో ఉంటే ఆ ఏడాది మాట ఆ ఇంటి ఆడమనిషిది. గొడవ పడినవాళ్ళు వరుసలో చివరికి పోవాలి. పెళ్ళాన్ని కొట్టినవాడు ఊరంతా తోడుకున్నాక తోడుకోవాలి. తొలి వానకు తాడు ఇల్లు మారుతుంది. కొత్త ఇంటివాళ్ళు కొత్త తాడు తేవాలి. తేలేకపోతే వరుస పక్క ఇంటికి పోతుంది. ఒలూమా అనే వాళ్ళ ఊర్లో నలభై ఇళ్ళు. ఒకసారి తప్పితే మళ్ళీ నలభై ఏళ్ళకు. తెరేజక్క నాయనమ్మ తాడు పట్టింది. వచ్చే ఏడాది వరుస ఈమెది.

ఇంక కూడు. "సర్కారు పుస్తకంలో మా దేశం అమ్మేవి మూడు. ఉప్పు, చేప, జీడిపప్పు. నాలుగోది పుస్తకంలో రాయరు" అంది. ఏమిటక్కా అన్నాను. చీపురు పట్టుకున్న చేతిని గుండె మీద పెట్టుకుని చూపించింది.

శుక్రవారం మా వదినకు ఫోన్ చేసి, మన ఊరికి నీళ్ళు యాడివి వదినా అని అడిగాను. "కువైట్‌లో నీళ్ళు నిలిచిపోయినాయా ఏందిమే, మా నీళ్ళ మీద పడినావు" అని ఆమె ఎకసెక్కం చేసింది. వదలకుండా అడిగితే చెప్పింది. ఏరు ఎండిపోయింది, బోరూ ఎండిపోయింది, ఇప్పుడు పై ఊరి చెరువు నుంచి పైపు, మూడు రోజులకు ఒకసారి. మాట ఎవరిది అంటే, సర్పంచి పేరుకు ఆడమనిషి, మాట ఆమె మొగునిది అంది. కూడు యాడిది అని అడిగాను.

"చెనిక్కాయ పోయె. మామిడి ఒకేడు కాస్తే ఒకేడు లేదు. ఇంగ యాడిదిమే, నువ్వు పంపేదే."

నేను వచ్చి తెరేజక్కకు మూడూ అప్పజెప్పాను. మూడోది విని ఆమె నవ్వలేదు. లేచి నన్ను నడిమి మెట్టు మీదకు జరగమంది. అంతే, ఆ రోజు నుంచి నేను చుట్టం.

ఆమె మంచం కింద ఒక అట్టపెట్టె ఉండేది. అందులో నీలం రంగు తాడు, చేపలు పట్టేవాళ్ళు వాడే గట్టి రకం. హవల్లీ బజారులో కొని, చేత్తో లాగి చూసి, చుట్ట చుట్టి పెట్టుకుంది. దాని పైన వాళ్ళింటి పిల్లలకు రెండు గౌన్లు. వచ్చే ఏడాది సెలవు మీద పోయి తానే మోసుకుపోవాలని ఆమె లెక్క. మామా ఒప్పుకుంది కూడా.

ఏడాది తిరిగింది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కాగితం, మళ్ళీ కట్టించే వేళకు అందరూ కొత్తగా వేలిముద్రలు ఇవ్వాలన్నారు. నాది నిమిషంలో అయిపోయింది. తెరేజక్క పది వేళ్ళూ పెట్టింది, మిషన్ ఒక్కటీ తీసుకోలేదు. చేతులు కడుక్కుని రమ్మన్నారు. నూనె రాసుకుని రమ్మన్నారు. మూడుసార్లు పోయి వచ్చింది. ఆ సాయంత్రం వేళ్ళు నాకు చూపించింది. గాజు మాదిరి నున్నగా ఉన్నాయి. పదేళ్ళ వయసులో వాళ్ళమ్మ కిందాలా షెడ్లలో జీడిగింజలు కొట్టే పనికి పెట్టిందట. ఆ పెంకు లోపలి జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది. గౌను వేసుకునే వయసు నుంచి పెళ్ళయ్యేదాకా కాల్చింది. పాత్రల సబ్బు మిగిలింది తీసేసింది. అంత దగ్గరగా ఉండి ఆ వేళ్ళను నేను ఎన్నడూ చూడలేదు.

వేలిముద్ర పడనిదే ఇఖామా రాదు, దానికి మళ్ళీ మళ్ళీ తిరగాలి, పెద్దవాళ్ళకు అర్జీ పెట్టాలి. ఇంటాయన మూడోసారితో విసుగెత్తి ఖలాస్, ఇంక చాలు అన్నాడు. ఇంకో వంటమనిషిని చూసుకుంటే సులువు. మూడో రోజు మధ్యాహ్నం ఆమెను ఊరికి పంపే టికెట్ వచ్చింది. డ్రైవరు బయట హారన్ కొడుతున్నాడు. విమానంలో ఒక్క పెట్టెకే లెక్క, అట్టపెట్టె తర్వాత కార్గోలో పంపిద్దాంలే అని మామా అంది. తెరేజక్క ఈ మెట్ల మీద నన్ను పట్టుకుని ఒక్క మాట చెప్పింది.

"చెల్లీ, వానలకు ముందే."

మామా చెడ్డది కాదు, మరిచిపోయింది. నేను రెండుసార్లు గుర్తు చేశాను. మూడోసారి చేస్తే, ఆ పాత పెట్టె ఇంకా ఉందా, తీసి పారెయ్ అంది. తెరేజక్క ఇక్కడి ఫోన్ నంబరు ఆగిపోయింది. ఒలూమాలో సిగ్నల్ లేదు. కిందాలాలో ఏదో అంగడికి చేసి ఇంటివాళ్ళను పిలిపించుకునేది, ఆ నంబరు నా దగ్గర లేదు. ఇక్కడ ఖర్జూరాలు పండే వేళకు వాళ్ళకు వానలు. అప్పటికే చెట్లు గెలలు వేశాయి. నలభై ఏళ్ళకు వచ్చిన మాట ఆమె మంచం కింద పడి ఉంది.

శుక్రవారం పెట్టెను భుజాన పెట్టుకుని హవల్లీలో ఒక కార్గో అంగడికి పోయాను. కౌంటర్లో మన గోదావరి అబ్బాయి. ఆ దేశానికి పంపుతామని చెప్పి పెన్ను తీశాడు.

"వీధి పేరు, ఇంటి నంబరు చెప్పండి."

"వాళ్ళ ఊర్లో వీధుల్లేవు నాయనా. దారి చెప్తా, రాసుకో."

"దారి రాసుకోడానికి ఇదేమన్నా పురాణమాండి? చేరకపోతే నన్నడక్కూడదు మరి."

అడగను, రాయి అన్నాను. కళ్ళు మూసుకుని కింది మెట్టు నుంచి మొదలుపెట్టాను. సబేరే రేవులో దిగాలి. ఉప్పు మడుల పక్క బాటన ఎక్కితే ఎర్ర ఏరు, నల్ల ఏరు పక్కపక్కన కనిపిస్తాయి. ఇనుప వంతెన మీద నల్ల ఏరు వైపు దాటాలి. కిందాలా సంతలో ఉప్పు అమ్మేవాళ్ళ వరుసలో రాతి నేలకు పోయే బండి ఎక్కాలి. చెట్లు పొట్టివయ్యే చోట దిగాలి. కూర్చున్న ఒంటె మాదిరి గుట్ట ఉంటుంది, దాని ముఖం వైపు నడవాలి. నలభై ఇళ్ళు, ఒకటే బావి. అబ్బాయి మొదట నవ్వుతూ రాశాడు, తర్వాత నవ్వు మాని రాశాడు. పెట్టె ఒక పక్క నిండి రెండో పక్కకు తిప్పాడు. మనిషి గుర్తు ఏం రాయమంటారు అన్నాడు.

"తెరేజా. వేళ్ళ మీద గీతలు లేని మనిషి అని రాయి."

రాసి, కింద నా ఫోన్ నంబరు వేసి, పెన్ను మూత పెట్టాడు. "మా ఊరికి దారి నేనే ఇంత బాగా చెప్పలేనండి. మీరు అక్కడికి ఎప్పుడెళ్ళారేంటి?"

"పోలేదు" అన్నాను.

తిరుగు బస్సులో నా భుజం తేలికగా ఉంది. గది తలుపు తీసి ఆ మంచం కింద ఖాళీ చూశాక ఇంక ఆ తేలిక లేదు. కొత్త వంటమనిషి వేరే ఇంటి నుంచి పగలు మాత్రం వచ్చి పోతుంది. మధ్యాహ్నం గంటా నాకు ఒక్కదానికే మిగిలింది. ఖర్జూరాలు పసుపు తిరిగాయి, ఎర్రబడ్డాయి, మెత్తబడి రాలాయి. ఏ కబురూ లేదు. కార్గో అబ్బాయిని అడగనని చెప్పాను గనక అడగలేదు. వానలు పడి ఉంటాయి, తాడు పక్క ఇంటికి పోయి ఉంటుంది అనుకున్నాను.

రాలిన పండ్లు ఊడ్చి ఎత్తిన వారానికి, తెలియని నంబరు నుంచి ఫోన్‌లోకి ఒక ఫోటో వచ్చింది. మాటేమీ లేదు. రాళ్ళు పేర్చిన బావి, చుట్టూ తడి నేల, గిలక మీద నీలం తాడు. తాడు లాగుతున్న మనిషి వీపు మాత్రమే కనిపిస్తోంది, వెనక వరుసగా బిందెలు. ఎడమ భుజం కిందికి వంగి ఉంది. వెంటనే ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తాడు. తెరేజా, తెరేజా అన్నాను. ఆయన చాలాసేపు ఏదో చెప్పాడు, అందులో ఒలూమా అన్న ఒక్క ముక్క నాకు తెలిసింది. లైను పోయింది. ఆ నంబరు మళ్ళీ కలవలేదు. ఇది జరిగి రెండేళ్ళు.

ఈ పొద్దున రెండు పాయలూ కింది మెట్టు దిగి, మోరీ జాలీలో పడి, రంగులు కలిసిపోయాయి. గొట్టం కట్టేసి నడిమి మెట్టు మీద కూర్చున్నాను. పై మెట్టు మీద నేను కూర్చోను. నన్ను అడిగేవాళ్ళు లేరు గనక నేనే అడుక్కున్నాను, రోజూ అడుక్కుంటాను. నీళ్ళు ఎక్కడివి? పై ఊరి చెరువువి. మాట ఎవరిది? సర్పంచమ్మ మొగునిది. లోపలి నుంచి మామా యల్లా, తొందరగా రా అని పిలుస్తోంది. లేచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ, కూడు ఎక్కడిది అన్న మూడోదానికి నా పేరు చెప్పుకున్నాను.