రాయి అరగదీసిన వేలు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. మాచర్లలో ముప్పై ఏళ్ళుగా నాపరాళ్ళు పాలిష్ పట్టే పని నాది. రాయిని ఎన్ని ముక్కలు చేసినా లోపల రాయే ఉంటుంది, మనిషి పోయాక కూడా ఇంకేమీ ఉండదు అని టీ కొట్టు దగ్గర వాదించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. ఎందుకో చెబుతాను, నమ్మమని మాత్రం అడగను.

మా ఆవిడ పేరు సుజాత. పదో తరగతితో చదువు ఆపేసింది. పెళ్ళయిన పదేళ్ళకి ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరి, అక్కడే కంప్యూటర్ నేర్చుకుంది. ఇక దాని పిచ్చి పట్టుకుంది. నా చేత ల్యాప్‌టాప్ కొనిపించింది. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, వీధిలో పిల్లల హాల్ టికెట్లు, అన్నీ దాంట్లోనే. అందరూ కంప్యూటరక్క అనేవాళ్ళు. నేను ఆ ల్యాప్‌టాప్‌ని డబ్బా అనేవాణ్ణి. పొయ్యి మీద పప్పు మాడిన ప్రతిసారీ ఆ డబ్బాకి తిట్లు పడేవి.

నాకది రాలేదు. నిజం చెప్పాలంటే రానివ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని మౌస్ చేతికిచ్చేది. తెర మీద బాణం గుర్తు నేను చెప్పినట్టు వినేది కాదు. విసుక్కుని లేచిపోయేవాణ్ణి. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఆమె నవ్వేసేది.

పైగా నా వేళ్ళు. నీళ్ళలో రాయి పట్టీ పట్టీ వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ మిషన్ నా వేలు తీసుకోదు. సుజాత పక్కన ఉంటే మాత్రం ఎలాగో పడేది. కొంగు తడిపి నా బొటనవేలు తుడిచి, మిషన్ మీద పెట్టించి, నా గోరు మీద తన బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కేది. "ఊపిరి బిగబట్టమాక మావా, మామూలుగా ఉండు" అనేది. ల్యాప్‌టాప్ ఆమె వేలితో తెరుచుకునేది. దానికి నా వేలు కూడా ఎక్కించాలని చాలాసార్లు చూసింది. అది మాత్రం ఒక్కసారీ పడలేదు.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. రాతి దుమ్ము మింగింది నేను, ఊపిరితిత్తులు పాడైంది ఆమెకు. ఇంత అన్యాయం ఉంటుందా? ఎనిమిది నెలలు గుంటూరు ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. మంచంలో కూడా ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకునే ఉండేది.

"నీకోసం అందులో కొన్ని పెట్టా మావా. పాస్‌వర్డ్ చెప్తా, గుర్తు పెట్టుకో" అంది ఒకరోజు.

"ఏమే, ఇప్పుడు కూడా ఆ డబ్బా గోలేనా? నోరు మూసుకుని పడుకో" అన్నాను.

రెండోసారి కూడా చెప్పబోయింది. నేను వినలేదు.

ఆమె పోయిన రోజే ఆసుపత్రిలో ఆమె ఫోన్ ఎవరో కొట్టేశారు. మాకు పిల్లల్లేరు. నా దగ్గర ఉన్నది బటన్ల ఫోను. రెండు నెలలు తిరిగేసరికి ఆమె గొంతు నాకు సరిగ్గా గుర్తుకు రావడం లేదు. మాటలు గుర్తున్నాయి, గొంతు లేదు. అది ఎంత భయమో అనుభవిస్తే గానీ తెలియదు. ఆ గొంతు డబ్బాలో ఉంటుందేమోనని కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్ దగ్గరికి పట్టుకెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మూడు వారాలు చూశాడు. చివరికి ఒక మే నెల ఉదయం, పదకొండు గంటలప్పుడు, షాపుకి పిలిచి చెప్పాడు. "వదిన చానా గట్టి తాళమేసింది అన్నా. లోపల డిస్క్ కూడా చెడిపోతా ఉంది, ఇంకో నాలుగు రోజులు పనిచేస్తే ఎక్కువ. ఇంటికి తీసకపో, నావల్ల కాలా."

అతను సంచి కోసం వెనక్కి తిరిగాడు. ల్యాప్‌టాప్ నా ముందు తెరిచి ఉంది. ఎందుకు పెట్టానో తెలియదు, సుజాత వేలు పెట్టే చోట నా బొటనవేలు పెట్టాను.

నా గోరు మీద బరువు పడింది. ఒక బొటనవేలంత బరువు. చల్లగా, తడిగా. నేను బిగబట్టిన ఊపిరి వదిలేశాను.

మస్తాన్ ఇటు తిరిగేసరికి తెర మీద మా పెళ్ళి ఫోటో ఉంది.

"ఎట్టా తెరిచావన్నా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అతను వెంటనే అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. తర్వాత మూత వేసి, తెరిచి, మళ్ళీ నా వేలు పెట్టించాడు. ఇరవైసార్లు పెట్టి ఉంటాను. తుడిచి పెట్టాను, తడిపి పెట్టాను. తీసుకోలేదు. మూడో రోజుకి ఆ ల్యాప్‌టాప్ అసలు వెలగనే లేదు.

ఆ తడి నా చెమటే కావచ్చు. నేను నిద్రపోతున్నప్పుడు సుజాత నా వేలు ఎక్కించిందేమో అని కూడా అనుకున్నాను. అలాగైతే రెండోసారి ఎందుకు పడలేదు? ఇది కాగితం మీద నేను రాసిస్తే టైపు చేస్తున్నది మస్తానే. ఈ ముక్క దగ్గరికి రాగానే నా బొటనవేలు పట్టుకుని తిప్పి చూశాడు.

అందులో నా పేరుతో పద్నాలుగు వీడియోలున్నాయి. ఆమె నాకోసం పెట్టినవి పాఠాలు. కంప్యూటర్ తెరవడం ఎలాగో నేర్పే పాఠాలు, కంప్యూటర్ లోపలే. అంత తెలివిగలదానికి ఆ సంగతి తట్టలేదు. తను ఉండగానే ఏదో ఒకరోజు నేను పక్కన కూర్చుంటాననుకుందేమో.

"ముందు మూత తెరువు మావా. పగలదులే" అని మొదలుపెడుతుంది. అదే గొంతు.

మస్తాన్ వాటిని మా టీవీలో వచ్చేట్టు పెట్టాడు. రోజూ చూస్తాను. చివరి దాంట్లో ఆమె బాగా చిక్కిపోయి ఉంటుంది. "నేర్పేది అయిపోయింది మావా. ఇంక నువ్వు చెయ్యి, నేను చూస్తా ఉంటా" అంటుంది. ఆ తర్వాత మాట్లాడదు. నిమిషన్నర సేపు నన్నే చూస్తూ కూర్చుంటుంది.

ఆ షాపులో నా గోరు నొక్కింది ఎవరో నేను చెప్పలేను. ఆ నిమిషన్నరా మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంటాను. నాకు కంప్యూటర్ వచ్చేసిందని తెలిస్తే సుజాత లేచి వెళ్ళిపోతుందేమోనని భయం.