పర్దా వెనక కళ్లు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా పెట్టలేదు. మా బాపు సంతకంతో ఉస్మాన్‌గంజ్ దుకాణాల్లో ఉన్న లక్ష్మీదేవి పటాలకు కళ్లు గీసింది నేను.

బాపు కళ్లకు పొర కమ్మడం మొదలై చాలాకాలమైంది. ముఖం, నగలు, చీర మడతలు చేతి అలవాటు మీద సాగిపోయేవి. కంటిపాప దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయేది. దేవుడి పటానికి కళ్లు అన్నిటికంటే చివర తెరవాలి. అప్పుడు అడ్డంగా పర్దా కట్టాలి, ఎవరూ చూడకూడదు. ఆ ఆచారమే మమ్మల్ని కాపాడింది. పర్దాకు అవతల సేట్లు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఇవతల బాపు ఊపిరి బిగబట్టి కూర్చుంటే నేను గీసేదాన్ని.

సంగతి బయటపడితే పటాలన్నీ వెనక్కి వస్తాయి. ఆడపిల్ల చెయ్యి, అదీ నెలలో ఏ రోజున పడిందో తెలియని చెయ్యి దేవతకు కళ్లు తెరిచిందంటే ఏ సేటు పూజలో పెట్టుకుంటాడు? బాపుకు ఇంకో పని రాదు. అందుకే చార్మినార్ వెనక సందులో ఉన్న మా గుమ్మం తొక్కిన ప్రతి మనిషినీ నేను అనుమానంగానే చూసేదాన్ని.

అందరికంటే ఎక్కువ అనుమానం సైదాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలాయన మీద. కోర్టు కచేరీలో పేష్కారుగా కాగితాలు చూసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన పంతులు బొమ్మ కావాలన్నాడు. తెచ్చిన ఫోటోలో కళ్లున్న చోట తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన తమ్ముడికి ఉస్మాన్‌గంజ్‌లో బియ్యం దుకాణం, గల్లా వెనక గోడకు మా లక్ష్మి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముసలాయన బొమ్మను వదిలి ఇంటిని చూసేవాడు, తలుపు సందులూ పర్దా అంచులూ. నేను దాచుకుని చదివే అపరాధ పరిశోధన నవలల్లో పోలీసువాళ్లు అలాగే చూస్తారు.

కళ్లు గీయాల్సిన రోజు బాపు అలవాటు కొద్దీ పర్దా కట్టాడు.

“ఏంది భాయ్, దేవుండ్లకైతే పర్దా కడ్తరు. మా పంతులేమన్న దేవుడా?” అన్నాడు ముసలాయన.

బాపు తడబడ్డాడు. “గురువు దేవుడే కద సాబ్.”

“దేవుడా! తొడపాశం పెడ్తే దినమంత మండుతుండె.”

బాపు నవ్వాడు. ఆయన నవ్వలేదు. మంచినీళ్లు అడిగాడు.

అప్పటిదాకా నేను లోపల పంతులు మీసానికి బొగ్గుతో నలుపు సరిచేస్తున్నాను. కంగారులో చేతులు కడుక్కోకుండా నీళ్లిచ్చి పర్దా వెనక్కి పారిపోయాను. సందులోంచి చూస్తే గ్లాసు మీద నా వేళ్ల నలుపు. ఆయన గ్లాసును వెలుతురుకు తిప్పాడు. తర్వాత బాపు వేళ్లవైపు చూశాడు. బాపు ఆ రోజు బొగ్గు ముట్టనే లేదు.

“మస్తు సాఫ్‌గ ఉంటవ్ భాయ్ నువ్వు.”

బాపుకు అర్థం కాలేదు. సాబ్‌కు చాయ్ తెస్తానని సందు చివరి హోటల్‌కు వెళ్లాడు.

పర్దాకు ఆ పక్క ఆయన, ఈ పక్క నేను. పక్కింట్లో వెండి రేకు కొట్టే సుత్తి చప్పుడు. నా ఒళ్లో కళ్లు లేని పంతులు. బియ్యం దుకాణం గోడ మీంచి లక్ష్మిని దింపుతున్నట్టే అనిపించింది. కుర్చీ కదిలింది. పర్దా మీద ఆయన నీడ పడింది, దగ్గరికి వచ్చింది. తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. గుడ్డకు నోరు ఆనించినంత దగ్గరగా నిలబడి ఏదో మెల్లగా చెప్పి, వెళ్లి కూర్చున్నాడు.

ఆయన్ను మళ్లీ చూడలేదు. బొమ్మ కోసం తమ్ముడు వచ్చాడు. అతని ముఖమూ వెతికాను, ఏమైనా తెలుసేమోనని. అతను పంతులును బట్టలో చుట్టుకుని, దీపావళికి ఇంకో లక్ష్మి కావాలని చెప్పి వెళ్లాడు. అన్నగారు పర్దా అవతలి నుంచి నాతో అన్న మొదటి మాటా చివరి మాటా ఇదే:

“పర్దా గట్లనే ఉండనియ్యి బిడ్డా. మా తమ్మునికి నేనేం చెప్ప. పంతులుకు ఎడమ కన్ను జరంత చిన్నగుంటుండె, గదొక్కటి మంచిగ సూస్కో.”