నల్ల పలకల మీద గీతలు

మా మేడమ్ పోయారు. గురువారం మధ్యాహ్నం నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతుండగా ఆవిడ చెల్లెలు ఫోన్ చేశారు. "అక్క వెళిపోయిందమ్మా. డయాలసిస్ మంచం మీదే," అన్నారు. క్లాసు సగంలో వదిలేసి శ్రీకాకుళం బస్సెక్కాను.

మేడమ్ శ్రీకాకుళంలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవారు. నా పీహెచ్‌డీకి గైడు. ఉప్పునీటిలో ఉన్న వస్తువుల మీద ఏం అంటుకుంటుంది, ఎలా అంటుకుంటుంది అన్నదే ఆవిడ జీవితమంతా చదివిన చదువు. పడవ నీళ్లలో దించగానే అడుగున కంటికి కనపడని పొర ఒకటి పడుతుంది. దాని మీద సూక్ష్మజీవులు చేరి జిగురవుతుంది. ఆ జిగురు మీద గుల్లపురుగులు వచ్చి పాతుకుని రాయిలాంటి గుల్ల కట్టుకుంటాయి. పడవ బరువెక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. భావనపాడులో వేటకెళ్లే ఇంట్లో పుట్టిన నాకు గుల్లలు తెలుసు, వాటిని గీకే తిప్పలూ తెలుసు. ఆ మొదటి పొరను మాత్రం మేడమ్ చూపించారు. "నీళ్లలో పెట్టిన ఏ వస్తువూ గంట తర్వాత అదే వస్తువు కాదమ్మా," అనేవారు.

ఆవిడ గది మెట్ల కింద ఉండేది. కిటికీ లేదు. ఒకటే మైక్రోస్కోపు. చూసేముందు కళ్లద్దాలు తీసి చీర కొంగుకు ముడివేసుకునేవారు, తర్వాత వాటికోసం గదంతా వెతుక్కునేవారు. ఒకసారి గుల్లపురుగును చూపిస్తూ నవ్వారు. "ఇది చోటు ఒక్కసారే ఎంచుకుంటుంది. తల అంటించీసుకుందంటే ఇక కదల్లేదు. నేనూ ఈ గదిని అలాగే ఎంచుకున్నాను."

గుల్లలు పట్టని పూత కోసం మా ప్రయోగం జీడిపెంకు నూనెతో. దాన్ని రంగులో కలిపి చెక్క పలకలకు పూస్తే నల్లగా అయ్యేవి. పూయనివి తెల్ల పలకలు. రెండు రకాలనూ భావనపాడు ఉప్పుటేరులో కర్రలకు కట్టి వేలాడదీశాం. కాపలా మా మావది, అంటే అమ్మ తమ్ముడిది. నెలకోసారి వెళ్లి చూస్తే తెల్లవాటి నిండా గుల్లలు, నల్లవి శుభ్రం. మూడేళ్లు అదే ఫలితం. ఒక పత్రికలో వ్యాసం వచ్చింది. మేడమ్‌కు ప్రాజెక్టు వచ్చింది. నా థీసిస్ సగానికి పైగా రాసేశాను.

నాలుగో ఏడు మా పిన్ని కూతురి సీమంతానికి ఊరెళ్లాను. పొద్దున్నే ఏటివైపు నడిచాను. మావ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నల్ల పలకలు ఒక్కొక్కటీ పైకి తీసి కత్తి వెనకవైపుతో గీకుతున్నాడు.

"ఏటి సేస్తన్నావు మావా?"

"నీ పలకలేనే గుంటా. పాసి పట్టీసింది. మేడమ్ గోరు వొచ్చీసరికి నల్లయి శుబ్బరంగా ఉండాల కదేటి?"

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదట్నించీని," అన్నాడు. మెచ్చుకుంటాననుకున్నాడు.

గట్టు మీద కూర్చుండిపోయాను. పలకలు కట్టిన రోజు మేడమే చెప్పారు, నల్లవి మనవి, వాటికేమీ పట్టకూడదు అని. ఆవిడ చెప్పింది ఆశ. మావ విన్నది పని. ఇక గీకొద్దని మావకు చెప్పలేదు. మేడమ్‌కూ చెప్పలేదు. ఫెలోషిప్ ఇంకో ఏడాదే ఉంది. ఇంట్లో అమ్మ ప్రతి ఫోనులోనూ "ఇంకెన్నాళ్లే?" అని అడుగుతోంది. చెబితే అంతా మొదటికి వస్తుంది. చెప్పకపోతే అబద్ధం మీద డిగ్రీ. రోజూ ఆ కిటికీ లేని గదిలో ఆవిడ పక్కనే కూర్చుని, అవే లెక్కలు పట్టికల్లో ఎక్కించేదాన్ని.

అంతవరకూ ఏటి దగ్గరే గుల్లలు లెక్కపెట్టేవాళ్లం. నెల తిరిగాక మొదటిసారి ఒక నల్ల పలకను గదికి తెచ్చి మేడమ్ మైక్రోస్కోపు కింద చాలాసేపు చూశారు.

"ఈ గీతలేటమ్మా?"

"చేపలు కొరికుంటాయి మేడమ్," అన్నాను.

మర్నాడు నేను వెళ్లేసరికి అదే పలక అక్కడే ఉంది. "చేప నోరు ఇంత తిన్నగా గీకదు. అన్ని గీతలూ ఒకేవైపున్నాయి. చెప్పమ్మా," అన్నారు మెల్లగా.

ఏడుస్తూ చెప్పేశాను. చెప్పి, చేతులు పట్టుకుని బతిమాలాను కూడా. "ఎవరికీ తెలీదు మేడమ్. థీసిస్ ఇచ్చేశాక మళ్లీ చేద్దాం."

ఆవిడ అడిగిన మొదటి మాట, "మీ మావని తిట్టలేదు కదా?"

ఆ ఆదివారం ఇద్దరం బస్సెక్కి భావనపాడు వెళ్లాం. సంగతి తెలిసి మావ కాళ్లమీద పడబోయాడు. "మీరే కదమ్మా పట్టకూడదన్నారు. నానేటి తప్పు సేసినాను?"

"నీ తప్పేటీ లేదు నాయనా. నాకే చెప్పడం రాలేదు," అన్నారు మేడమ్. ఆ రోజు వాళ్లింట్లోనే చేపల పులుసుతో అన్నం తిని, కొత్త పలకలు కట్టించారు.

నాలుగో రోజుకే నల్ల పలకల మీద జిగురు చేరింది. ఐదో వారానికి గుల్లలు. మా నూనె పనిచేయలేదు.

పత్రికకు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఆవిడే ఉత్తరం రాశారు. "పర్యవేక్షణలో పొరపాటు నాది," అని ఉంది అందులో. చేపల మాట లేదు. నా అబద్ధం ఆ గది దాటలేదు. ప్రాజెక్టు పోయింది. రిటైరయ్యేదాకా ఇంకొకటి రాలేదు. తోటివాళ్లు ఆవిడను చూసి గొంతు తగ్గించడం నేను చాలాసార్లు చూశాను.

మూడేళ్లు మళ్లీ చేశాను. పూత మీద మొదటి పొర ఎందుకు పడుతుందన్నదే కొత్త థీసిస్. ఫెలోషిప్ అయిపోయాక పొద్దున ట్యూషన్లు చెప్పి, అదే బస్సు, అదే గది. మధ్యలో తిత్లీ తుపానుకు కర్రలతో సహా పలకలన్నీ కొట్టుకుపోయాయి. ఆ రోజు నిజంగా వదిలేద్దామనుకున్నాను. మేడమ్ రంపం తెచ్చి కొత్త పలకలు కోయడం మొదలుపెట్టారు. అప్పటికే ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయని నాకు తెలియదు.

తర్వాత ఆవిడ వారానికి మూడుసార్లు డయాలసిస్ యంత్రానికి కట్టేసినట్టు పడుకోవాల్సి వచ్చింది. డిగ్రీ వచ్చాక స్వీట్లు పట్టుకుని ఆ ఆసుపత్రికే వెళ్లాను. రక్తం వడకట్టే గొట్టం చూపించి, "ఇందులోనూ పొరేనమ్మా. రక్తం తగలగానే పట్టేస్తుంది. వీళ్లకీ అదే తలనొప్పి," అన్నారు. స్వీటు తినకూడదు. వేలితో ముట్టుకుని, పక్క మంచం ఆయనకు ఇమ్మన్నారు.

అప్పుడు ధైర్యం చేశాను. "మేడమ్, ఆ రోజు గీతల గురించి నేను..."

"ఏ గీతలమ్మా? నాకు గుర్తులేదు," అన్నారు.

ప్రతి పలక నంబరూ, అది కట్టిన తేదీ కూడా నోటికి చెప్పే మనిషి. కళ్లు మూసుకుని అటు తిరిగారు. నేను అనాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది. ఆవిడ నన్ను క్షమించారో, ఆ మాట వినే ఓపిక లేకపోయిందో నాకిప్పటికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ గురువారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆవిడను హాల్లో ఫ్రీజర్ పెట్టెలో ఉంచారు. జనం ఎక్కువై గది ఉడుకుతోంది. పెట్టె అద్దం మీద తేమ కమ్మి ముఖం కనపడటం లేదు. చెల్లెలు నా చేతికి తువ్వాలిచ్చారు. తుడిచాను. నుదురు, ముక్కు, కళ్లద్దాలు లేని కళ్లు కనిపించాయి. వంగి చూస్తుండగానే నా ఊపిరికి అద్దం మసకబారింది. మళ్లీ తుడిచాను.