ఆగండిగారి చిప్పులు

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎవరు ఏం కొనబోయినా ‘ఆగండి’ అంటారు కాబట్టి ఆయన ఆగండిగారు. ఎందుకు ఆగాలంటే, దాన్ని తలదన్నేది ఇంకో మూడు నెలల్లో వస్తోంది గనక. ఆ మూడు నెలలూ గడిచాక వెళ్ళి అడిగితే, అక్కణ్ణుంచి ఇంకో మూడు నెలలు.

మాది ఇళ్ళ బొమ్మలు చేసే ఆఫీసు. బిల్డర్లు ప్లాను తెచ్చిస్తే, ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ చేసి చూపిస్తాం. ఒక్కో బొమ్మకి గంటలు పడుతుంది. ఆ గంటల్ని నిమిషాలు చేసేది గ్రాఫిక్స్ కార్డు. పెద్ద కార్డులు చేసేవి ముఖ్యంగా రెండు కంపెనీలు. డబ్బాల రంగుని బట్టి ఆగండిగారు వాళ్ళని పచ్చవాళ్ళు, ఎర్రవాళ్ళు అనేవారు, ఎదురెదురు ఇళ్ళవాళ్ళ గురించి చెప్పినట్టు.

ఆ కార్డుల్లో రాబోయే చిప్పుల గురించి ఆ కంపెనీలకే తెలియని సంగతులు కూడా ఆయనకి తెలుసు. ఒకసారి నన్ను పిలిచి ఫోన్లో ఒక ఫొటో చూపించారు. ఏ ఫ్యాక్టరీలోనో ఎవరో దొంగచాటుగా తీసిందట. నాకు ఒక బల్లా, దాని మీద ఒక బొటనవేలూ కనిపించాయి. ఆయనకి ఆ వేలి పక్కనున్న నల్లటి మసకలో పచ్చవాళ్ళ వచ్చే ఏడాది బతుకంతా కనిపించింది. గోరు వెడల్పుని బట్టి చిప్పు కొలత, కొలతని బట్టి వేగం, వేగాన్ని బట్టి అది తాగే కరెంటు గబగబా చెప్పేశారు.

“ఆ వేలు లావుదైతేనో?” అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూశారు. “చిప్పులు చేసేవాళ్ళకి లావు వేళ్ళుండవు.”

ఎర్రవాళ్ళు ఈసారి పెద్ద చిప్పు జోలికి పోవడం లేదని పుకారొచ్చిన రోజున మేమంతా ఆయన్ని ఓదార్చబోయాం. ఆయన మాత్రం ఉత్సాహంగా చేతులు రుద్దుకుంటున్నారు. చెయ్యడం లేదని పనిగట్టుకుని పుకారు పుట్టించారంటే చేస్తున్నట్టేనట. మరి పచ్చవాళ్ళు చేస్తున్నామని చెప్పుకుంటున్నారు కదా అంటే, వాళ్ళు నిజంగానే చేస్తున్నారట. ఆయన లెక్కలో ఎవరూ ఏదీ చెయ్యకుండా ఉండరు.

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి ఒకరోజు ఆఫీసుకి వచ్చినప్పుడు వాళ్ళావిడ చెప్పింది. బట్టలుతికే మిషను పాడైతే, ఆయన ఇంట్లో లేనప్పుడు కొత్తది తెప్పించి, పాతదాని చోట పెట్టించి, పైన పాత దుప్పటే కప్పిందట. నెల తర్వాత ఆయన దాని చప్పుడు శ్రద్ధగా విని, “చూశావా, ఆగితే అదే బాగైపోయింది” అన్నారట.

ఇంత తెలిసిన మనిషి సొంత కంప్యూటరుకి పన్నెండేళ్ళుంటాయి. అందులో గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిన చోటు ఖాళీ. అదేమిటని అడిగితే, తొందరపడటం తనకి ఇష్టం లేదన్నారు.

అసలు బాధంతా మా సారుది. సారంటే ఆఫీసు యజమాని. కొత్త కార్డులు నాలుగు కొందామని రెండేళ్ళలో అయిదుసార్లు ముందుకొచ్చాడు. అయిదుసార్లూ ఆగండిగారు అడ్డం పడ్డారు. ఒకసారి ఎర్రవాళ్ళు రెట్టింపు వేగంతో వస్తున్నారు, ఇంకోసారి వాళ్ళకి పోటీగా పచ్చవాళ్ళు మూడింతలతో దిగుతున్నారు. “ఇవాళ కొంటే మూడు నెలలకి మీరే నన్ను తిడతారు సార్” అని ఆయన అంత ధీమాగా అంటుంటే సారు పెన్ను మూసి జేబులో పెట్టుకునేవాడు. ఆగండిగారు మా పాత కార్డులు విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి మళ్ళీ నడిపించేవారు. మేం బొమ్మ మొదలుపెట్టి, టీ తాగి, కబుర్లాడి తిరిగొస్తే తెర మీద సగం ఇల్లు ఉండేది, పైకప్పు లేకుండా. ఆయన్ని మేం తిట్టుకోని రోజు లేదు.

ఆఫీసులో అందరికన్నా పాత మనిషి పెద్దక్క. కుంచెతో ఇళ్ళ బొమ్మలు వేసే రోజుల్లో చేరింది. కంప్యూటరు బొమ్మ బయటికొచ్చాక దాని మీద నీడలు, గడ్డి, కిటికీల్లో వెలుగు ఆవిడ చేత్తో దిద్దాల్సిందే. కొత్త సాఫ్ట్‌వేర్ మాటెత్తితే మాత్రం, ఈ వయసులో నాకెందుకు నాన్నా అని తప్పించుకునేది. అలాంటిది రోజూ భోజనాలయ్యాక ఆగండిగారు ఆవిణ్ణి స్టోర్‌రూములోకి పిలిచి అరగంట కూర్చోబెట్టేవారు. ఎర్రవాళ్ళ గురించి, పచ్చవాళ్ళ గురించి వినడానికి మేమెవరం దొరక్క ఆవిణ్ణి పట్టుకున్నారు కాబోలనుకుని జాలిపడ్డాం.

ఒక సోమవారం సారు ఆరోసారి ధరల కాగితం తీసుకుని వచ్చాడు. అలవాటు కొద్దీ ముందే నీరసంగా ఉన్నాడు. ఇప్పుడు ఎవరొస్తున్నారు, ఎన్ని నెలలు ఆగమంటారు అని అడిగాడు.

“కొనెయ్యండి సార్. ఇవాళే” అన్నారు ఆగండిగారు.

ఒంట్లో బాగుందా అని సారు అడిగాడు. బాగానే ఉందని తేలాక, ఆయన మనసు మారేలోపు నాలుగు కార్డులకి ఆర్డరు పెట్టేశాడు.

డబ్బాలు వచ్చిన రోజు ఆయన ఒక్కరే కూర్చుని విప్పుతుంటే ఉండబట్టలేక వెళ్ళి, ఈసారి ఎందుకు ఆపలేదని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“మొదటిసారి కొందామన్నప్పుడు సారు నాతో ఒక మాటన్నారు. ఈ కార్డులొస్తే నీడలూ వెలుగులూ మిషనే వేస్తుంది, ఇంక పెద్దక్కని ఇంటికి పంపెయ్యొచ్చు అని. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్న సంగతి చెప్పారు.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు ఆ మిషనుకి ఏం చెప్పాలో మనందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. వెలుగు ఎటునుంచి పడాలో మనకి సాఫ్ట్‌వేర్ చెప్పాలి. ఆవిడ సాఫ్ట్‌వేర్‌కి చెప్తుంది. మొన్న గురువారం నన్నే తప్పు పట్టింది.”

నేర్చుకోనని మొండికేసిన మనిషి ఎలా ఒప్పుకుందని అడిగాను. నేర్పిస్తానంటే రాదని తెలిసి, తన కళ్ళకి చిన్న అక్షరాలు ఆనడం లేదు, ఈ కొత్త సాఫ్ట్‌వేర్ పాఠాలు కాస్త చదివి అర్థమయ్యేలా చెప్పి పెట్టమని బతిమాలారట. రెండేళ్ళపాటు ఆవిడ చదివి చెబుతుంటే, ఈయన అర్థం కానట్టు మొహం పెట్టి మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

“అయితే ఎర్రవాళ్ళూ, పచ్చవాళ్ళూ, ఆ బొటనవేలూ అంతా అబద్ధమేనా?”

ఆయన నొచ్చుకున్నారు. “అబద్ధమేంటి? అన్నీ నిజాలే. మామూలుగా అయితే సారుకి ఒక్కసారే చెప్పి ఊరుకునేవాణ్ణి, అంతే తేడా.”

కొత్త కార్డు మీద పెద్దక్క మొదటి బొమ్మ ఇరవై నిమిషాల్లో చేసింది. సాయంత్రపు ఎండ మెట్ల మీంచి దిగి గుమ్మం దగ్గర ఆగిన బొమ్మ. సారు దాని ముందు చాలాసేపు నిలబడి, రేపట్నుంచి మిగతావాళ్ళకి మీరే నేర్పాలండీ అన్నాడు.

సరిగ్గా పదకొండు రోజులకి ఎర్రవాళ్ళు కొత్త కార్డు ప్రకటించారు. రెట్టింపు వేగం. ఆగండిగారు రెండేళ్ళుగా ఏది చెబుతున్నారో అదే, తాగే కరెంటుతో సహా. సారు ఫోను పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు.

“రెండేళ్ళు ఆపారు కదండీ. ఇంకో రెండు వారాలు ఆపలేకపోయారా?”

“పొరపాటైంది సార్” అన్నారు ఆగండిగారు తలొంచుకుని. పక్కనే కూర్చున్న నేను నోరు తెరవబోతే బల్ల కింద నా కాలు తొక్కారు.

పెద్దక్కకి మాత్రం మనసాగలేదు. లేచి వచ్చి ఆయనకి అడ్డంగా నిలబడింది.

“ఆయన్నేం అనకండి సార్. పాపం, ఆయనకి ఈ కొత్త సంగతులు ఒక పట్టాన ఎక్కవు. రోజూ కూర్చోబెట్టి నేనే చెప్తున్నాను. మెల్లిగా నేర్చుకుంటారు.”

ఆగండిగారు బుద్ధిగా తలూపారు.