నారుమడిలో బాతులు

ఆ ఏడాది తొలిపంట సార్వా కోతలు ఆలస్యమై, కుప్పలు నూర్చి మాసూళ్లు పూర్తయ్యేసరికి డిసెంబరు సగం దాటిపోయింది. నిడదవోలు దగ్గర మాకున్నది ఎకరన్నర చేను. నేను డిగ్రీ రెండో ఏడు, సెలవులకి ఇంటి దగ్గరే ఉన్నాను. నాన్న చేను మూల రెండో పంట దాళ్వాకి నారుమడి దమ్ము చేశాడు. చలికి విత్తనం మొలకెత్తదని అమ్మ నానిన వడ్లని గోనెసంచిలో మూటగట్టి, పైన గడ్డి కప్పి, పూటపూటకీ గోరువెచ్చటి నీళ్లు చిలకరించింది. మూడోనాటికి తెల్లటి మొలకలొచ్చాయి. మడిలో చల్లాం.

అప్పటికే బాతులవాళ్లు మా చేలో దిగి ఉన్నారు. మొగుడూ పెళ్లాం ఇద్దరే, రెండు వందల దాకా బాతులు. కోసిన చేలల్లో రాలిన గింజ మేపుకుంటూ ఊరూరూ తిరుగుతారు. దిగుతామని అడిగితే నాన్నే సరేనన్నాడు. ఆవిడ రోజూ పొద్దున్నే నాలుగు గుడ్లు తెచ్చి మా అరుగు మీద పెట్టి, ఎవరూ పిలవకముందే వెళ్లిపోయేది.

మడి దగ్గర కాపలా నాది. మర్నాడు మంచు విడవలేదు. చలికి తట్టుకోలేక గడ్డివాము అవతల గాలి తగలని చోట కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఎంతసేపైందో తెలీదు. లేచి వచ్చేసరికి మడంతా బాతులే. బురదలో ముక్కులు పొడుస్తూ మొలకలన్నీ ఏరుకు తినేశాయి. ఆవిడ కర్ర పట్టుకుని తోలుతూ ఏడుస్తోంది.

నాన్న పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వెక్కడున్నావమ్మా?"

"ఇక్కడే ఉన్నాను నాన్నా. వద్దంటున్నా వినకుండా ఆవిడే తోలింది."

అంత సులువుగా ఎలా అన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

"అబద్ధమండి బాబుగారూ. పాపగారు ఇక్కడ లేరండి. నేను గంజి కాచుకుంటుంటే అవే వచ్చేసినాయండి."

"నా కూతురు అబద్ధాలాడుతుందా?" అంటూ నాన్న ఆమె మొగుణ్ణి చెంప మీద కొట్టాడు. అతను చెంప తడుముకోలేదు. పెళ్లాం వైపు చూసి, మాట్లాడొద్దని తలూపాడు. పొద్దున్నే వెళ్లిపోతామన్నాడు.

సాయంత్రం నాన్న నూకల్లో పురుగులమందు గుళికలు కలపడం నేను చూశాను. గట్టు పొడుగునా చల్లి వచ్చి, కాలవలో చేతులు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. నేనూ తిన్నాను.

తెల్లవారి బాతుల్ని తోలుకెళుతుంటే అవి గట్టు మీదికి ఎగబడ్డాయి. కాసేపటికే ఒక్కొక్కటీ మెడ వెనక్కి విరుచుకుని గిరగిరా తిరిగి పడిపోసాగాయి. ఆవిడ ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి చింతపండు నీళ్లు పోసింది. అది అలాగే పోయింది. ఇంకోదానికి పోసింది.

"కొట్టారు, పడ్డాం కదండీ. ఇంకా ఎందుకండీ ఇది?" అన్నాడతను.

"మా గట్టుకి మేం మందేసుకున్నాం. నీ బాతుల్ని ఎవడు తినమన్నాడు?" అన్నాడు నాన్న. పాతిపెట్టుకుంటామంటే తన చేలో పలుగు వెయ్యనివ్వలేదు. చచ్చినవాటిని బుట్టల్లో కుక్కుకుని, మిగిలిన యాభయ్యో అరవయ్యో ముందు తోలుకుంటూ కాలవగట్టు పట్టి పోయారు. ఆవిడ నన్ను దాటి వెళుతూ తల కూడా తిప్పలేదు.

నాన్న మళ్లీ వడ్లు నానబోశాడు. మూట మీద గడ్డి సర్దుతున్న అమ్మ దగ్గర కూర్చుని నిజం చెప్పేశాను.

"నాకు తెలుసు. గడ్డివాము దగ్గర నిన్ను చూశాను" అంది.

"మరి నాన్నకి చెప్పలేదేం?"

"చెబితే ఆ చెయ్యి నీ మీద పడేది. వాళ్లు ఊళ్లు తిరిగేవాళ్లు, పోతారు. నువ్వు ఈ ఇంట్లో ఉండాలి." అంటూనే చెంబందుకుంది. "జరుగు, నీళ్లు చిలకరించాలి."

రెండో నారు ఒత్తుగా వచ్చింది. సంక్రాంతి వెళ్లిన వారానికి నారు తీసి చేలో ఊడ్చాం. ఆ దాళ్వా మా చేను చుట్టుపక్కల అన్నిటికంటే బాగా పండింది. బాతులవాళ్లకి బుద్ధి చెప్పిన సంగతి నాన్న ఇప్పటికీ టీకొట్టు దగ్గర చెబుతుంటాడు. మధ్యలో నా వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వు వద్దన్నా తోలింది కదా?" అని అడుగుతాడు.

అవునంటాను.