వంకాయ, చక్కెర, బంగారం

మొన్న సాయంత్రం టీవీలో ఎవరో ఎవరినో తిడుతుంటే, సరిగ్గా అసలు మాట వచ్చే చోట కుయ్యిమని ఒక కూత పెట్టి దాన్ని మింగేశారు. అలాంటి కూతలు అక్కరలేని కాలంలో, ఒక్క బూతు దొర్లకుండా నాలుగు భాషల్లో తిట్టి, ఆ నోటితోనే మీ అవ్వను గెలుచుకున్నానని పక్కనున్న మనవరాలితో అన్నాను. వంటింట్లో గిన్నె చప్పుడైంది గానీ ఎవరూ కాదనలేదు కనుక మీకూ అదే చెబుతున్నాను.

ఎమ్మిగనూరులో మగ్గం ముందు కుదురుగా కూర్చోలేక ఆదోని పత్తి మండీకి పారిపోయి బోరేలు, బస్తాలు మోసిన రోజులవి. మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ మండీలో ఆలూరు రైతుల తెలుగు ఒకవైపు, సరిహద్దు అవతలి బండ్లవాళ్ళ కన్నడం ఒకవైపు, లారీ డ్రైవర్ల ఉర్దూ ఒకవైపు వినబడేవి. అన్నింట్లోనూ నాకు ముందుగా అబ్బినవి తిట్లే. మా హమాలీల మేస్త్రీకి నా భుజం నచ్చింది, నోరు నచ్చలేదు. మా అమ్మ వెళ్ళి ఆయన కూతుర్ని నాకిమ్మని అడిగితే, శ్రావణమంతా నిష్ఠగా ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కే మనిషి కదా, నన్ను పిలిచి ఒకటే మాట చెప్పాడు.

"సూడప్పా, శావణం అయిపోయేదాంక నీ నోట్లోంచి ఒక్క బూతు ఇనపడినా పిల్లనిచ్చేది లేదు."

అప్పుడు మొదలైంది నా చదువు. మా అమ్మ కోపమొస్తే "నీ ఇల్లు బంగారం గాను" అనేది. అది ఏ బంగారమో ఆ గొంతు విన్నవాళ్ళకు తెలిసేది. కన్నడ బండాయన ఎద్దు మొండికేస్తే "నిన్నజ్జీ" అని దాని అవ్వను తలుచుకొని, ఆపైన ఏమీ అనక ఊరుకునేవాడు. డ్రైవరన్న టైరు పేలితే "బైంగన్" అనేవాడు, వంకాయ చేసిన పాపమేమిటో నాకిప్పటికీ తెలియదు. రైల్వే గార్డు ఒకాయన వేలు నలిగితే ఇంగ్లీషులో "షుగర్" అనేవాడు. బంగారం, అవ్వ, వంకాయ, చక్కెర అన్నీ ఒకచోట చేరిస్తే ఒక సంసారమే నడిచేది.

శ్రావణం చివరి వారంలో లారీకెత్తుతున్న పత్తి బేలు జారి నా పాదం మీద పడింది. మేస్త్రీ అక్కడే ఉన్నాడు, ఆయనకు అన్నం తెచ్చిన కూతురూ అక్కడే ఉంది. హమాలీలంతా పని ఆపి నా నోటి వంకే చూశారు. "పాయరా వీని పెండ్లి!" అన్నాడొకడు. నేను ఒంటికాలి మీద గెంతుతూ నాలుగు భాషలూ ఏకధాటిగా కురిపించాను, ఒక్కటీ బూతు కాదు. మేస్త్రీ ఉరుకుంద వెళ్ళి వచ్చి ముహూర్తం పెట్టించాడు.

సరే, కొంచెం తగ్గిస్తాను. షుగర్ గార్డును నేను చూసింది పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు. వంకాయకు కూడా అప్పటికి నోరు తిరగలేదు. కన్నడం వచ్చిందో లేదో ఈరన్నకే తెలియాలి. బంగారం మాత్రం ఖాయం.

ఇప్పుడు అన్ని భాషల తిట్లకూ టీవీలో ఆ ఒక్క కూతే. నోటి చివరిదాకా వచ్చిన మాటను మనిషి తానే ఆపుకొని, ఎదుటివాడికీ ఒక తల్లి ఉందని గుర్తొచ్చి, దాన్ని వంకాయగానో చక్కెరగానో మార్చుకునే ఆ అరక్షణం యంత్రానికేం తెలుస్తుంది?

ఇదంతా రాసి మనవరాలి చేత చదివించుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"యాడిదయ్యా ఆ బంగారం? ఆ పొద్దు క్యారేరు సేతిలో పట్టుకొని ఆడ్నే నిలబడింటి గదా! కాలు పట్టుకొని కూలబడి, సంటిపిల్లోని మాదిరి 'అమ్మా' అని ఏడ్సినావు. ఇంగొక్క మాట రాలేదు. నొప్పికి తల్లిని పిల్సుకునేటోడు పిల్లను బాగానే సూసుకుంటాడులే అని మా నాయన ఒప్పుకున్న్యాడు. నాలుగు భాషలంట, నాలుగు!"